నానో సదస్సులకు మన విద్యార్థులు: వెళ్లే దారి, దారి ఖర్చు



వార్షికోత్సవ సంచికకు ఒక సైన్స్ వ్యాసం కావాలని కమిటీ వారు అడిగినప్పుడు నానోటెక్నాలజీ అంటే ఏమిటో నాలుగు పేజీల్లో రాసి ఇద్దామనుకున్నాను. అటువంటి వ్యాసాలు పోటీ పరీక్షల పుస్తకాల్లో కావలసినన్ని దొరుకుతాయి. మన హాస్టల్లో ఎం.ఎస్సీ., బి.టెక్. చదివే తమ్ముళ్లు కొందరు ఇప్పుడు ప్రాజెక్టుల్లో స్వయంగా నానో కణాలు తయారుచేస్తున్నారు. వేపాకు కషాయంతో వెండి కణాలు చేసేవాళ్లున్నారు, జింక్ ఆక్సైడ్ చేసేవాళ్లున్నారు. చేసిన పనిని బైండింగ్ చేయించి డిపార్ట్‌మెంటులో ఇస్తున్నారు, అది బీరువాలోకి పోతోంది. పరిశోధన సదస్సుకు తీసుకువెళ్లేవాళ్లు మాత్రం ఒకరిద్దరికి మించి లేరు. ఎందుకు వెళ్లలేకపోతున్నారు, వెళ్లాలంటే ఏం చేయాలి, మిగిలిన మనం ఏం చేయగలం అనేది రాయాలనిపించింది. ఆర్ట్స్, కామర్స్ తమ్ముళ్లు కూడా చదవండి. మీకూ ఇందులో పని ఉంది.

నానో అంటే ఎంత?

మీటరును వంద కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు. మన తల వెంట్రుక మందం సుమారు 80 వేల నుంచి లక్ష నానోమీటర్లు ఉంటుంది. సాధారణంగా 1 నుంచి 100 నానోమీటర్ల మధ్య ఉన్న పదార్థాన్ని నానో పదార్థం అంటాం. అంత చిన్నది చేస్తే ఏమొస్తుంది అని అడుగుతారు. ఒక లెక్క చెప్తాను. ఒక సెంటీమీటరు భుజం ఉన్న ఘనాన్ని తీసుకోండి, పాచిక అంత అనుకోండి. దాని ఆరు ముఖాల వైశాల్యం కలిపి 6 చదరపు సెంటీమీటర్లు. అదే ఘనాన్ని ఒక్కొక్క నానోమీటరు భుజం ఉన్న ఘనాలుగా కోసుకుంటూ పోతే, వాటన్నిటి ఉపరితలం కలిపి 6000 చదరపు మీటర్లు అవుతుంది. అంటే దాదాపు ఎకరంన్నర! పదార్థం పెరగలేదు, తరగలేదు. అరచేతిలో పట్టేదానికి ఎకరంన్నర ఉపరితలం వచ్చింది. రసాయన చర్య జరిగేది ఉపరితలం మీదే కాబట్టి ఉత్ప్రేరకాలకు, నీటిని శుద్ధిచేసే ఫిల్టర్లకు నానో కణాలు అంతగా పనికొస్తాయి. పరిమాణం తగ్గితే రంగు కూడా మారుతుంది. నీటిలో తేలే బంగారు నానో కణాలు ఎర్రగా కనిపిస్తాయి.

సదస్సుల్లో పెరిగిన శాస్త్రం

ఈ శాస్త్రం కథ ఎక్కడ మొదలైందని అడిగితే అందరూ చెప్పేది ఒక సమావేశం గురించే. 1959 డిసెంబరు 29న అమెరికన్ ఫిజికల్ సొసైటీ సమావేశం కాల్‌టెక్ సంస్థలో జరిగింది. అక్కడ రిచర్డ్ ఫైన్‌మన్ ఇచ్చిన ఉపన్యాసంలో, అణువుల స్థాయిలో మనకు చాలా చోటు ఉందని చెప్పి, రెండు సవాళ్లకు వెయ్యి డాలర్ల చొప్పున బహుమతి ప్రకటించాడు. ఒకటి అతి చిన్న మోటారు. అది మరుసటి ఏడాదే తయారైంది. రెండోది పుస్తకంలోని ఒక పేజీని 25 వేల రెట్లు చిన్నదిగా రాయడం. అది 26 ఏళ్లు అలాగే ఉండిపోయింది. 1985లో గెలిచిందెవరో తెలుసా? టామ్ న్యూమన్ అనే విద్యార్థి. స్టాన్‌ఫర్డ్‌లో చదువుతున్నాడప్పుడు. ‘నానోటెక్నాలజీ’ అన్న మాట కూడా సదస్సులోనే పుట్టింది. 1974లో టోక్యోలో జరిగిన ఒక అంతర్జాతీయ ఇంజనీరింగ్ సదస్సులో నోరియో తనిగూచి చదివిన పత్రంలో ఆ పదాన్ని మొదటిసారి వాడాడు.

కలుసుకోకపోతే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ కూడా ఉంది. 2023లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి క్వాంటమ్ డాట్స్ అనే నానో కణాలకు వచ్చింది. అలెక్సీ ఎకిమోవ్, లూయీ బ్రూస్, మౌంజీ బవెండీ పంచుకున్నారు. ఎకిమోవ్ రంగు గాజులో ఈ కణాలను గమనించి 1981లో సోవియట్ పత్రికలో ప్రచురించాడు. అమెరికాలో ఉన్న బ్రూస్‌కు ఆ సంగతి తెలియదు. ఆయన 1983లో ద్రావణంలో ఉన్న కణాల్లో అదే ప్రభావాన్ని తనంతట తాను కనుగొన్నాడు. రెండు దేశాల మధ్య రాకపోకలు, పత్రికలు సరిగా లేనందువల్ల ఒకరి పని ఒకరికి అందలేదు. మన సంగతి చూస్తే, మనకు అడ్డుగోడలేమీ లేవు, రైలు టికెట్టే అడ్డం. (బవెండీ గురించి ఒక మాట. హార్వర్డ్‌లో మొదటి కెమిస్ట్రీ పరీక్షలో ఆయనకు 100కు 20 వచ్చాయట. నోబెల్ వచ్చిన రోజు ఆయనే చెప్పుకున్నాడు. సెమిస్టరులో బ్యాక్‌లాగ్ ఉన్న తమ్ముళ్లు దీన్ని గోడ మీద రాసుకోవచ్చు.)

అక్కడ జరిగేదేమిటి?

సదస్సు అంటే మంత్రులు వచ్చి దీపం వెలిగించే సభ అని మనలో చాలామంది అనుకుంటారు. దీపం వెలిగించడం ఉంటుంది గాని అది అరగంట. ఆ తర్వాత పెద్ద శాస్త్రవేత్తల ఉపన్యాసాలు, పరిశోధకులు పది పదిహేను నిమిషాలు మాట్లాడే సెషన్లు, చివరగా పోస్టర్ సెషన్ ఉంటాయి. మనకు తలుపు ఈ పోస్టర్ సెషన్. ఒక పెద్ద హాల్లో బోర్డుల మీద వరుసగా పోస్టర్లు అంటిస్తారు. ఎవరి పోస్టర్ పక్కన వాళ్లు గంటో రెండు గంటలో నిలబడాలి. వచ్చిపోయేవాళ్లు ఆగి అడుగుతారు. వేదిక లేదు, మైకు లేదు. ఇంగ్లీషులో ధారాళంగా ఉపన్యసించనవసరం లేదు. మీ గ్రాఫు మీద వేలు పెట్టి చూపిస్తూ చిన్న చిన్న వాక్యాల్లో చెప్తే చాలు. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు ఇంతకంటే మంచి చోటు లేదని నా అభిప్రాయం.

మన దేశంలో 2007లో కేంద్ర ప్రభుత్వం ఐదేళ్లకు 1000 కోట్ల రూపాయలతో నానో మిషన్ ప్రారంభించింది. ఐకాన్‌శాట్ పేరుతో నానో సైన్స్ మీద జరిగే అంతర్జాతీయ సదస్సు 2012లో మన హైదరాబాద్‌కే వచ్చింది. బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ దాన్ని నిర్వహించింది. బెంగళూరులో కర్ణాటక ప్రభుత్వం 2007 నుంచి జరుపుతున్న ఇండియా నానో సదస్సులో విద్యార్థులకు పోస్టర్ల ప్రదర్శనతో పాటు ‘నానో ఫర్ ది యంగ్’ అనే కార్యక్రమం కూడా ఉంటుంది. ఇవి పెద్దవి. విశ్వవిద్యాలయాలు, ఎన్‌ఐటీలు జరిపే రెండు రోజుల జాతీయ సదస్సులు చాలా ఉంటాయి. మొదటిసారి వెళ్లేవాళ్లకు దగ్గర ఊళ్లో జరిగే చిన్న సదస్సే మంచిది.

నకిలీ సదస్సులు కూడా ఉన్నాయి, జాగ్రత్త. మీరెవరో తెలియకుండానే ‘గౌరవనీయ ప్రొఫెసర్ గారికి’ అని మెయిల్ వస్తుంది. అబ్‌స్ట్రాక్ట్ పంపిన మరునాడే అంగీకారం వస్తుంది. నానోటెక్నాలజీ, మేనేజ్‌మెంట్, యోగా అన్నీ ఒకే సదస్సులో ఉంటాయి. చిరునామా ఒక హోటలుది, నిర్వహించే డిపార్ట్‌మెంటు పేరు ఉండదు. ఫీజు మాత్రం వేలల్లో ఉంటుంది. పంపేముందు మీ గైడ్‌కు చూపించండి. నిర్వాహకుల పేర్లు సదరు విశ్వవిద్యాలయం జాబితాలో ఉన్నాయో లేదో చూసుకోండి.

అబ్‌స్ట్రాక్ట్ ఎలా రాయాలి?

సదస్సుకు ముందు పంపే సారాంశమే అబ్‌స్ట్రాక్ట్. మామూలుగా 250, 300 పదాలు అడుగుతారు. మనవాళ్లు రాసేవాటిలో సగం పేజీ నానోటెక్నాలజీ ప్రపంచాన్ని మార్చేస్తుందనే ఉంటుంది. అది చదివేవాళ్లకు ముందే తెలుసు. మీరేం చేశారు, ఎంత ఉష్ణోగ్రత దగ్గర చేశారు, దేనితో కొలిచారు, ఎంత వచ్చింది, దాన్నిబట్టి ఏమనుకుంటున్నారు అన్నవి రాయాలి. అంకె లేని అబ్‌స్ట్రాక్ట్ పంపవద్దు.

జింక్ ఆక్సైడ్ చేసినవాళ్ల ఉదాహరణే తీసుకుందాం. పొడిని ఎక్స్‌ఆర్‌డీ యంత్రంలో పెడితే గ్రాఫులో శిఖరాలు వస్తాయి. స్ఫటికం ఎంత చిన్నదైతే శిఖరం అంత వెడల్పుగా ఉంటుంది. దీన్నిబట్టి పరిమాణం లెక్కగట్టేది షెర్రర్ సూత్రం. 0.9ను ఎక్స్‌-కిరణాల తరంగదైర్ఘ్యంతో గుణించి, దాన్ని శిఖరం సగం ఎత్తు దగ్గరి వెడల్పు, థీటా కొసైన్‌ల లబ్ధంతో భాగించాలి. రాగి టార్గెట్ ఉన్న యంత్రంలో తరంగదైర్ఘ్యం 0.15406 నానోమీటర్లు. జింక్ ఆక్సైడ్ పెద్ద శిఖరం 36.2 డిగ్రీల దగ్గర వస్తుంది. అది రెండు థీటా, కాబట్టి థీటా 18.1 డిగ్రీలు. వెడల్పు 0.4 డిగ్రీలు అనుకుందాం. దాన్ని రేడియన్లలోకి మార్చితే 0.00698. లెక్క చేస్తే సుమారు 21 నానోమీటర్లు వస్తుంది. రేడియన్లలోకి మార్చకుండా 0.4నే వేస్తే 0.36 నానోమీటర్లు వస్తుంది. అది జింక్ ఆక్సైడ్ ఒక్క యూనిట్ సెల్ అంత! అటువంటి అంకె అబ్‌స్ట్రాక్టులో కనిపిస్తే చదివేవాళ్లు అక్కడే ఆపేస్తారు.

పోస్టర్ దగ్గర తప్పకుండా వచ్చే ప్రశ్నలు రెండు. మొదటిది, ‘యంత్రం వల్ల వచ్చే వెడల్పు తీసేశారా?’ అని. యంత్రం కూడా శిఖరాన్ని కొంత వెడల్పు చేస్తుంది. పెద్ద స్ఫటికాలున్న ప్రామాణిక నమూనాను అదే యంత్రంలో పెట్టి చూసి, ఆ వెడల్పును లెక్కలోంచి తీసేయాలి. రెండోది, ‘ఎక్స్‌ఆర్‌డీలో 21 వచ్చింది, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు బొమ్మలో కణం 60 కనిపిస్తోంది, ఏది నిజం?’ అని. రెండూ నిజమే. ఎక్స్‌ఆర్‌డీ చెప్పేది లోపలి స్ఫటికం పరిమాణం, మైక్రోస్కోపు చూపేది పై కణాన్ని. సీతాఫలం బయటికి ఒకటే, లోపల తొనలు ఎన్నో. ఇంగ్లీషులో ‘క్రిస్టలైట్ సైజు’, ‘పార్టికల్ సైజు’ అన్న రెండు మాటలూ వేరని తెలిసినవాడు ఆ సెషన్లో ధైర్యంగా నిలబడతాడు.

పోస్టర్ మామూలుగా ఏ-జీరో సైజు అడుగుతారు. అంటే 841 మిల్లీమీటర్ల వెడల్పు, 1189 మిల్లీమీటర్ల పొడవు. నాలుగడుగుల దూరం నుంచి చదవగలిగేట్టు అక్షరాలుండాలి. థీసిస్ పేజీలు తెచ్చి అంటించినట్టు ఉంటే ఎవరూ ఆగరు. మూడు గ్రాఫులు, ఒక ఫోటో, పది వాక్యాలు చాలు.

మెస్ హాల్లో రిహార్సల్

ఇక్కడే ఆర్ట్స్ తమ్ముళ్ల పని. బెంగళూరులో ఒక జాతీయ సదస్సుకు నా పోస్టర్ ఎంపికైనప్పుడు, వెళ్లే ముందు రెండు రాత్రులు మన మెస్ హాల్లో గోడకు చార్టు అంటించి చెప్పాను. వినేవాళ్లంతా బి.ఏ., బి.కాం. వాళ్లే. ఒక తమ్ముడు అడిగాడు: “అన్నా, కంటికి కనపడనిదాన్ని ఎట్ల కొలిచినవు?” దానికి సూత్రం లేకుండా జవాబు చెప్పడానికి నాకు పావుగంట పట్టింది. బెంగళూరులో నా పోస్టర్ దగ్గర ఆగిన ఒక పెద్ద ప్రొఫెసర్ గారు ఇంగ్లీషులో అడిగింది దాదాపు అదే ప్రశ్న. జవాబు సిద్ధంగా ఉంది. ఆయన ఇంకో పావుగంట నిలబడి, తమ ల్యాబులో ప్రామాణిక నమూనాతో నా పొడిని మళ్లీ కొలిపిస్తానన్నారు. తర్వాత కొలిపించారు కూడా.

అటువంటి పరిచయాలు సదస్సులోనే దొరుకుతాయి. పరికరాలు లేవని బాధపడే కాలేజీల వాళ్లకు ఇంకో దారి కూడా ఉంది. 2008లో ఐఐఎస్‌సీ, ఐఐటీ బాంబే కేంద్రాలుగా ఐఎన్‌యూపీ అనే కార్యక్రమం మొదలైంది. బయటి కాలేజీల విద్యార్థులు, అధ్యాపకులు వచ్చి అక్కడి నానో ఎలక్ట్రానిక్స్ ల్యాబుల్లో శిక్షణ పొందడానికి ఉద్దేశించినది అది. తర్వాత ఐఎన్‌యూపీ-ఐటూఐ పేరుతో ఢిల్లీ, మద్రాస్, ఖరగ్‌పూర్, గువాహటి ఐఐటీలకు కూడా విస్తరించింది. దీని గురించి నేను మొదట విన్నది ఆ సదస్సులో టీ తాగుతూ పక్కనున్న విద్యార్థి చెప్తేనే.

ఖర్చు సంగతి

నాకు అయిన ఖర్చు దాచకుండా రాస్తున్నాను. రిజిస్ట్రేషన్ 2500, కాచిగూడ నుంచి రానుపోను స్లీపర్ 800, పోస్టర్ ప్రింటు 700, మూడు రోజుల తిండి, సిటీ బస్సులు 1000. మొత్తం 5000 రూపాయలు. మా నాయన తాపీ పని చేస్తాడు. ఫోన్‌లో చెప్తే, “అక్కడికి పోతే ఏమన్న ఇస్తరా బిడ్డా?” అన్నాడు. “ఇయ్యరు నాయనా, మనమే కట్టాలె.” “చెప్పెటోడే పైసలు కట్టుడేంది?” అని ఆశ్చర్యపోయాడు. పెద్ద సార్లు మన పనిని చూసి బాగున్నదీ లేనిదీ చెప్తారని వివరించాను. “గోడ కట్టినంక ఇంజనీరు సారు వచ్చి నిలువు చూసినట్టా?” “అట్లనే నాయనా.” ఇక వద్దనలేదు. అయితే ఇంట్లో 5000 లేవు.

సాయం చేసే పథకాలు లేవని కాదు. ఉన్నాయి. చాలా సదస్సులు విద్యార్థులకు ఫీజు తగ్గిస్తాయి, కొన్ని ప్రయాణ సాయం ఇస్తాయి. రైల్వేలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు సొంతూరికి, విద్యాయాత్రలకు సెకండ్ క్లాస్, స్లీపర్ చార్జీలో 75 శాతం రాయితీ ఉంది. ఇతర విద్యార్థులకు 50 శాతం. 35 ఏళ్లలోపు పరిశోధక విద్యార్థులకు పరిశోధన పని మీద వెళ్లే ప్రయాణానికి 50 శాతం ఉంది. 2020 మార్చిలో చాలా రాయితీలు ఆపేసినా విద్యార్థులవి ఉంచారు. సంస్థ అధిపతి సంతకంతో ఫారం తీసుకుని కౌంటరులోనే టికెట్ తీసుకోవాలి. పి.హెచ్‌డీ.లో చేరి ఫెలోషిప్ వచ్చినవాళ్లకు కంటింజెన్సీ గ్రాంటు ఉంటుంది. విదేశీ సదస్సుల కోసం ఎస్‌ఈఆర్‌బీ, సీఎస్‌ఐఆర్ వంటి సంస్థలు ప్రయాణ గ్రాంట్లు ఇస్తూ వచ్చాయి. ఎస్‌ఈఆర్‌బీ ఇప్పుడు 2023 చట్టంతో ఏర్పడిన ఏఎన్‌ఆర్‌ఎఫ్‌లో కలిసింది. దరఖాస్తు చేసేముందు కొత్త నిబంధనలు చూసుకోండి. మన పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 2010 మార్గదర్శకాల్లో స్టడీ టూరుకు ఏడాదికి 1600, థీసిస్ టైపింగు, ప్రింటింగుకు 1600 రూపాయల వరకు ఉండేవి. తర్వాతి సవరణలో అలాంటి పద్దులన్నీ ఒకే అలవెన్సులో కలిపేశారు.

అసలు చిక్కు ఎక్కడంటే, ప్రయాణ సాయం చాలావరకు వెళ్లి వచ్చాక ఇచ్చేది. ముందు మన జేబులోంచి పెట్టాలి, టికెట్లు, రసీదులు పంపాలి, అప్పుడు వాళ్లు మంజూరు చేయాలి. జీతగాళ్ల పిల్లలకు అది ఇబ్బంది కాదు, నాన్న కార్డుతో కట్టి తర్వాత తీసుకుంటారు. కూలివాళ్ల పిల్లలకు మాత్రం, తర్వాత వచ్చే 5000 కోసం ఇప్పుడు 5000 ఎక్కడిది? నా ప్రయాణ సాయం నాలుగు నెలల తర్వాత బ్యాంకులో పడింది. రిజిస్ట్రేషన్ గడువు అంతవరకు ఆగదు కదా. మన హాస్టల్లోనే ఇద్దరి అబ్‌స్ట్రాక్టులు ఎంపికై కూడా డబ్బు అందక ఆగిపోయారు. వాళ్లకు తెలివి తక్కువ కాదు, ప్రభుత్వం ఇవ్వననీ అనలేదు. మధ్యలో ఉన్న ఆ నాలుగు నెలలే వాళ్లను ఆపాయి.

నన్ను పంపింది ఇదే హాస్టల్లో చదివి ఇప్పుడు టీచరుగా ఉన్న ఒక అన్న. ఆయన 5000 ఇచ్చారు, సాయం డబ్బు రాగానే తిరిగి ఇచ్చాను. ఆయన అదే డబ్బును మళ్లీ నాకే ఇచ్చి, “నీ తర్వాత పోయేటోనికి ఇయ్యి” అన్నారు. అది ఈ ఏడాది ఒక కెమిస్ట్రీ తమ్ముడి రిజిస్ట్రేషన్‌కు వెళ్లింది. ఒకే ఐదు వేలతో ఇద్దరు వెళ్లారు.

అన్నలకు విన్నపం

దీన్నే కొంచెం పెద్దది చేద్దామని నా ప్రతిపాదన. ఉద్యోగాల్లో ఉన్న అన్నలు ఇరవై మంది తలా 500 వేస్తే 10 వేలు. ఒకేసారి ఇద్దరిని పంపవచ్చు, తిరిగి వస్తే మరో ఇద్దరు. ఇది దానం కాదు, చేబదులు. అడిగేవాడికీ చిన్నతనం ఉండదు. కొన్ని కట్టుబాట్లు మాత్రం కావాలి. అబ్‌స్ట్రాక్ట్ ఎంపికైన కాగితం, గైడ్ సంతకం చూపాలి. రిజిస్ట్రేషన్ డబ్బు నేరుగా సదస్సు ఖాతాకే కట్టాలి. సాయం వస్తే వచ్చిన వారంలో తిరిగి ఇవ్వాలి, రాకపోతే మొదటి ఫెలోషిప్ లేదా జీతం నుంచి ఇవ్వాలి. లెక్కల పుస్తకం ఒక పూర్వ విద్యార్థి, ఒక ప్రస్తుత విద్యార్థి కలిసి రాయాలి. వార్డెన్ గారికి నెలనెలా చూపించాలి గాని, డబ్బును ఆఫీసు ఖాతాలో కలపకూడదని నా అభిప్రాయం. అందులో కలిస్తే ప్రతి రూపాయికి మంజూరు కావాలి, మళ్లీ ఆ నాలుగు నెలలే వస్తాయి. బాలికల హాస్టల్ చెల్లెళ్లకు డబ్బుతో పాటు అనుమతి పత్రం, వెంట ఇంకొక విద్యార్థిని ఉండడం కూడా చిక్కే. వాళ్ల వార్డెన్ మేడం గారితో మాట్లాడి ఇద్దరిద్దరుగా పంపితే బాగుంటుంది.

వార్షికోత్సవం రోజు మధ్యాహ్నం భోజనాల తర్వాత రీడింగ్ రూంలో దీని గురించి కూర్చుంటున్నాం, అన్నలు ఉండగలిగితే ఉండండి. ప్రాజెక్టులు చేస్తున్న తమ్ముళ్లు తమ అబ్‌స్ట్రాక్టులు రెండేసి ప్రతులు తెచ్చుకోవాలి. ఒకటి మేము చదివి దిద్దడానికి, ఇంకొకటి బి.ఏ. తమ్ముళ్లు చదివి ప్రశ్నలు వేయడానికి.